ధర్మకాంట సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ: ఎక్కించేటప్పుడు ఏం అడగాలె, తీసేసేటప్పుడు ఏం అడగాలె

తమ్మీ, ముందుగ మిగతావాళ్లకు అర్థమయ్యేటట్టు నీ సంగతి రెండు ముక్కల్లో చెప్పి జవాబుకు వస్త. మిర్యాలగూడ, హాలియా దిక్కు రైస్ మిల్లుల ధర్మకాంటలకు నువ్వు ఒక సాఫ్ట్‌వేర్ రాసినవ్. కాంట ఇండికేటర్ నుంచి బరువు చదువుకొని, స్లిప్పు కొట్టి, లెక్క దాస్తది. ఉబుంటు మెషిన్లకు డెబ్ ప్యాకేజీ, అంటే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించే ఫైలు, చేసి ఇస్తున్నవ్. ఎక్కించేటప్పుడు తొమ్మిది ప్రశ్నలు అడుగుతది. తీసేసేటప్పుడు "నిజంగా తీసేయాలా" అని రెండుసార్లు అడిగి డేటా మొత్తం తుడుస్తది. ఒక మిల్లులో కొత్త వెర్షన్ వేసినంక ఈ సీజన్ స్లిప్పులన్నీ పోయినయ్. ఆపరేటరే తెలియక తీసేసి మళ్లా ఎక్కించి ఉంటడని నీ అనుమానం. ఇంకా గట్టిగ, ఇంకో రెండుసార్లు ఎక్కువ అడిగితే ఆగుతరా అన్నది నీ ప్రశ్న.

ఆ పిల్లగాన్ని ఏమనకు. నువ్వు పెట్టిన స్క్రిప్టులు చూసిన. అడిగే పని ప్రీఆర్ఎం స్క్రిప్టులో (తీసేసే ముందు నడిచేది) ఉన్నది, అదీ దానికి అందే మొదటి మాట, అంటే ఆర్గ్యుమెంట్, "రిమూవ్" అయితేనే. తుడిచే పని పోస్ట్‌ఆర్ఎంలో (తీసేసినంక నడిచేది) ఉన్నది. అక్కడ మాత్రం ఏ ఆర్గ్యుమెంట్ వచ్చిందో చూడకుండనే ఫోల్డర్ మొత్తం ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్‌తో లేపేస్తున్నవ్. ప్యాకేజీలను ఎక్కించే, తీసేసే ప్రోగ్రాం డీపీకేజీ. అది పోస్ట్‌ఆర్ఎంను అప్‌గ్రేడ్‌లో గూడ పిలుస్తది. వరుస ఇదీ: పాత ప్యాకేజీ ప్రీఆర్ఎం, కొత్త ప్యాకేజీ ప్రీఇన్‌స్ట్ (ఎక్కించే ముందు నడిచేది), కొత్త ఫైళ్లు విప్పడం, మళ్లా పాత ప్యాకేజీ పోస్ట్‌ఆర్ఎం, ఆఖరికి కొత్త ప్యాకేజీ పోస్ట్‌ఇన్‌స్ట్ (ఎక్కించినంక నడిచేది). అంటే ఆ మిల్లులో ఎవ్వరూ ఏమీ తీసెయ్యలేదు. కొత్త వెర్షన్ వేస్తే ఒక్క ప్రశ్న గూడ పడకుండ డేటా పోయింది. మిగతా మిల్లులకు ఇంకా పంపలేదన్నవ్ కాబట్టి అవి బతికిపోయినయ్.

ఇప్పుడు పంపకు. నీ కొత్త ప్యాకేజీలో పోస్ట్‌ఆర్ఎం ఎంత బాగ దిద్దినా లాభం లేదు, ఎందుకంటే అప్‌గ్రేడ్‌లో నడిచేది ఆ మెషిన్ల మీద ఇప్పటికే కూసున్న పాత పోస్ట్‌ఆర్ఎం. దానికంటే ముందు నీ చేతిలో ఉండేది కొత్త ప్రీఇన్‌స్ట్ ఒక్కటే. అందులో సర్వీస్ ఆపి, డేటాను వేరే పేరున్న కొత్త ఫోల్డర్‌కు కాపీ చెయ్యి. జరపకు, కాపీనే చెయ్యి. మధ్యలో కరెంట్ పోయి అప్‌గ్రేడ్ ఆగితే పాత వెర్షన్‌కు దాని డేటా దాని చోట ఉండాలె. కొత్త సాఫ్ట్‌వేర్ ఇకమీద కొత్త ఫోల్డరే వాడాలె. పాత ఫోల్డర్‌ను పాత స్క్రిప్టే తుడుచుకుంటది, చెత్త గూడ మిగలదు. కాపీకి డిస్కులో జాగ సరిపోకపోతే ప్రీఇన్‌స్ట్ అక్కడనే ఫెయిల్ కావాలె, ముందుకు పోవద్దు.

డేటా పోయిన మిల్లు సంగతి: ఆ మెషిన్‌ను వాడకుండ ఆపియ్యి. హార్డ్ డిస్క్ అయితే రికవరీ టూల్స్‌తో కొంత దొరుకొచ్చు. ఎస్ఎస్‌డీ అయితే ఉబుంటు వారానికోసారి తనంతట తనే ట్రిమ్ (తుడిచిన జాగను డిస్కు లోపల గూడ ఖాళీ చేసే పని) నడుపుతది, అది నడిచినంక ఆశ పెట్టుకోవద్దు.

ఇగ ఎక్కించేటప్పటి ప్రశ్నలు. నీ తొమ్మిది ఇవి: మిల్లు పేరు, అడ్రసు ఫోను, జీఎస్టీ నంబరు, సీరియల్ పోర్టు, బాడ్ రేటు (పోర్టు మీద డేటా వచ్చే వేగం), ప్రింటరు, డేటాబేస్ పాస్‌వర్డు, మెషిన్ ఆన్ చెయ్యంగనే సర్వీస్ మొదలుపెట్టాల్నా, బ్యాకప్ ఫోల్డరు. నా లెక్కల ఇందులో ఎక్కించేటప్పుడు అడగాల్సింది ఒక్కటి గూడ లేదు.

ఆ ప్రశ్నల ముందు కూసునేది ఎవరో ఒకసారి ఆలోచించు. మన దిక్కు సిస్టం కొనేది నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో. షాపు పిల్లగాడు ఉబుంటు వేసి, నీ ప్యాకేజీ వేసి, డబ్బాల పెట్టి బస్సుకు వేస్తడు. అప్పటికి ఇండికేటర్ లేదు, ప్రింటర్ లేదు, మిల్లు జీఎస్టీ నంబరు వానికి తెలియదు. విండోస్ అలవాటుతోని నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ అని కొట్టుకుంట పోతడు, ఖాళీ వద్దంటే "ఏబీసీ" అని కొడతడు. రేపు ఏబీసీ అనే మిల్లు పేరు మీద లారీకి స్లిప్పు వస్తది. ఆర్టీసీ బస్సుల కండక్టర్ "యాడికి?" అని ఒక్కటే అడుగుతడు, ఎందుకంటే అది నీకు తప్ప ఎవ్వరికీ తెలియదు. ఏ గేర్‌లో పోవాలె అని నిన్ను అడగడు. ప్యాకేజీ గూడ ఎదుటోనికి మాత్రమే తెలిసింది, అదీ ఆ నిమిషానికి తెలిసి ఉండేదే అడగాలె.

మిల్లు పేరు, అడ్రసు, ఫోను, జీఎస్టీ నంబరు: ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి తెరిచినప్పుడు, దాని సొంత స్క్రీన్ మీద అడుగు. అక్కడ కూసునేది గుమస్తానో ఓనరో. తప్పు కొడితే దిద్దుకునే వీలుంటది. రూట్ అధికారంతోని, అంటే మెషిన్ మీద పూర్తి అధికారంతోని, నడిచే ఇన్‌స్టాలర్‌కు ఈ సమాచారంతోని పనే లేదు.

సీరియల్ పోర్టు ప్రశ్న మరీ దండగ. ఎక్కించిన రోజు టీటీవై-యూఎస్‌బీ-0 అని చెప్పిన పోర్టు, రేపు ఇంకో కన్వర్టర్ గుచ్చితే టీటీవై-యూఎస్‌బీ-1 అవ్వొచ్చు. జవాబు సరిగ్గ చెప్పినా నాలుగు రోజులకు తప్పు అయితది. డెవ్ ఫోల్డర్ కింద సీరియల్, దాని కింద బై-ఐడీ అని ఉంటది చూడు, అక్కడి పేరు గుచ్చే వరుసతోని మారదు. ఒక తిరకాసు: మనకు దొరికే చవక సీహెచ్-340 కన్వర్టర్లకు సొంత సీరియల్ నంబరు ఉండదు, ఒకే తీరువి రెండు పెడితే బై-ఐడీలో ఏది ఏదో తేలదు. అప్పుడు బై-పాత్ వాడు, ఏ యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చినమో దాన్నిబట్టి పేరు నిలుస్తది. బాడ్ రేటు అడగనే వద్దు. 9600, 4800, 2400, 1200 ఒక్కోటి రెండు సెకన్లు పెట్టి చూడు, చదవదగ్గ అంకెలు దేంట్ల వస్తే అదే. పోర్టు తెరిచే అధికారం కోసం "మీ యూజర్ను డయల్‌అవుట్ గ్రూపులో చేర్చాలా" అని అడిగే ప్యాకేజీలు చూసిన. నీది సర్వీస్ కాబట్టి దానికి సొంత సిస్టం యూజర్ పెట్టి, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ యూనిట్‌ ఫైల్లో ఆ గ్రూపు ఇస్తే అయిపోతది, మనుషుల యూజర్ అకౌంట్ల జోలికి పోవద్దు.

పాస్‌వర్డు ఎందుకు? ఒక్క మెషిన్, ఒక్క సర్వీస్. ఒక్క ఫైల్లోనే ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ పెట్టు, ఫైల్ పర్మిషన్లు గట్టిగ పెట్టు. పోస్ట్‌గ్రెస్సే కావాలంటే యూనిక్స్ సాకెట్ మీద, మెషిన్ యూజర్ ఎవరో చూసి రానిచ్చే పీర్ పద్ధతి ఉంది, పాస్‌వర్డే అక్కరలేదు. మనిషిని అడిగితే వచ్చేది 1234, అది మానిటర్ మీద చీటీ రాసి అతికిస్తరు. ఆన్ చెయ్యంగనే మొదలుపెట్టాల్నా అంటే మొదలుపెట్టాలె, ఉబుంటుకు మూలమైన డెబియన్ దిక్కు సర్వీసులకు అదే ఆనవాయితీ. బ్యాకప్ ఫోల్డరుకు నువ్వే ఒక చోటు నిర్ణయించు.

ఒక ప్రశ్నకు మాత్రం చోటుంది, అది నీ లిస్టులో లేనే లేదు. ఆఫీసులో ఇంకో కంప్యూటర్ నుంచి స్లిప్పులు చూసుకోనియ్యాల్నా, అంటే సర్వీస్ నెట్‌వర్క్ మీద వినాల్నా వద్దా. ఇది భద్రత నిర్ణయం, నువ్వు వాళ్ల తరఫున "అవును" అనరాదు. నెట్‌వర్క్ ప్యాకెట్లు పట్టి చూపించే వైర్‌షార్క్ చేసేది చూడు: రూట్ కానోళ్లు గూడ ప్యాకెట్లు పట్టొచ్చా అని అడుగుతది, డిఫాల్ట్ "కాదు". కావాలనుకున్నోడు తర్వాత ప్రశ్నలు మళ్లా అడిగే డీపీకేజీ-రీకాన్ఫిగర్ కమాండుతోని మార్చుకుంటడు. నువ్వు గూడ డిఫాల్ట్ "కాదు" పెట్టి, ప్రాధాన్యం మీడియం ఇయ్యి. మామూలు మెషిన్లల్ల అది కనబడనే కనబడదు, ఎందుకో చెప్త.

డెబియన్‌లో, ఉబుంటులో ప్యాకేజీలు ప్రశ్నలు అడిగేటందుకు డెబ్‌కాన్ఫ్ అని ఒక పద్ధతి ఉంది, 1999లో జోయీ హెస్ మొదలుపెట్టింది. ప్రతి ప్రశ్నకు లో, మీడియం, హై, క్రిటికల్ అని నాలుగు మెట్లు. దాదాపు అందరికీ డిఫాల్ట్ సరిపోయేది లో. మంచి డిఫాల్ట్ ఉండి, కొందరు మార్చుకునేది మీడియం. సరైన డిఫాల్ట్ పెట్టలేనిది హై. జవాబు లేకపోతే మెషిన్ చెడిపోయేంతది క్రిటికల్. మెషిన్ల మీద మామూలుగ హై, ఆపైవే కనబడతయి. కొత్తగ ప్యాకేజీలు చేసేటోళ్లు తమ ప్రశ్న అందరికీ కనబడాలని అన్నింటికీ హై పెడతరు. నీ ప్రశ్నకు మంచి డిఫాల్ట్ ఉంటే అది హై కాదు.

నువ్వు డెబ్‌కాన్ఫ్ వాడకుండ పోస్ట్‌ఇన్‌స్ట్‌లో షెల్ "రీడ్"తోని అడుగుతున్నవ్ గదా, దాంతోనే కొందరికి ఇన్‌స్టాల్ సగంల ఆగిపోతుందని రాసినవ్. కారణం ఇది. ఉబుంటు సాఫ్ట్‌వేర్ బొమ్మ నొక్కి ఎక్కిస్తే వెనక టెర్మినల్ ఉండదు. నీ ప్రశ్న ఎక్కడా కనబడదు, "రీడ్"కు ఫైల్ ముగింపు వస్తది. స్క్రిప్టు పైన సెట్ మైనస్ ఈ (తప్పు రాంగనే ఆగిపొమ్మనే లైను) ఉంటే అక్కడనే ఫెయిల్ అయి ప్యాకేజీ అరకొరగ మిగులుతది. ఆ తర్వాత వాడు ఆప్ట్‌తోని (ప్యాకేజీలు తెచ్చి డీపీకేజీతో ఎక్కించే కమాండు) ఏది ఎక్కించబోయినా, చివరికి ఫైర్‌ఫాక్స్ అయినా, ముందు నీ ప్యాకేజీ ఎర్రర్ వస్తది. ఇంకా ఘోరం, జీఎస్టీ నంబరు ఖాళీగ ఉంటే మళ్లా అడుగు అని లూప్ పెట్టినవ్. టెర్మినల్ లేని చోట ఆ లూప్ ఎన్నటికీ ఆగదు, ఫ్యాన్ గిర్రున తిరుగుకుంట ఉంటది. ఆపరేటర్ చూసి చూసి స్విచ్ ఆపుతడు. డీపీకేజీ పని మధ్యలో.

డెబ్‌కాన్ఫ్‌లో ప్రశ్నలు కాన్ఫిగ్ స్క్రిప్టులో పెడతం. ఆప్ట్ ఆ ప్రశ్నలన్నీ ఫైళ్లు విప్పకముందే ఒక్కసారి అడిగేస్తది, తర్వాత మనిషి చాయ తాగొచ్చినా పని నడుస్తది. ఒకసారి చూపించిన ప్రశ్నకు "చూసినం" అని గుర్తు పడుతది, తర్వాతి అప్‌గ్రేడ్‌లో మళ్లా అడగది. టెర్మినల్ లేకపోతే నాన్‌ఇంటరాక్టివ్ పద్ధతిలో డిఫాల్ట్‌లు తీసుకొని పోతది. మహబూబ్‌నగర్‌లో కాలేజీ ల్యాబులు చూసే మిత్రులు జవాబులను ముందే ఒక ఫైల్లో రాసి, డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్‌తోని అన్ని సిస్టంలకు ఎక్కిస్తరు. నీ "రీడ్"కు ఆ దారి లేదు. ఫెడోరా అసుంటి వాటి ప్యాకేజీ పద్ధతి ఆర్‌పీఎం దిక్కు పోతే, అసలు ప్రశ్నలే ఉండవు. ఎక్కించడం నోరు మూసుకొని నడవాలె, అంతే. ప్రశ్న రాసే ముందు "ఇది ఆర్‌పీఎం అయితే ఏం చేస్తుంటి" అని అనుకుంటే సగం ప్రశ్నలు అక్కడనే రాలిపోతయి.

డెబ్‌కాన్ఫ్ వాడేటోళ్లకు రెండు గుంతలు ఎప్పుడూ తగులుతయి.

ఒకటి, డెబ్‌కాన్ఫ్ జ్ఞాపకాన్ని అసలు సెట్టింగ్ అనుకోవడం. అసలు సెట్టింగ్ ఈటీసీ కింద ఉన్న నీ ఫైలే. ఎవరో దాన్ని చేత్తోని దిద్దితే, కాన్ఫిగ్ స్క్రిప్టు ముందు ఆ ఫైల్ చదివి, ఆ విలువనే డెబ్‌కాన్ఫ్‌లో పెట్టి, తర్వాతనే అడగాలె. లేకపోతే వచ్చే అప్‌గ్రేడ్‌లో పాత జవాబు తెచ్చి వాని దిద్దుబాటు మీద రాస్తవ్. ఇంకో మాట, పోస్ట్‌ఇన్‌స్ట్ రాసే ఆ ఫైల్‌ను ప్యాకేజీలో కాన్ఫ్‌ఫైల్‌గ (డీపీకేజీ తానే కనిపెట్టుకొని ఉండే సెట్టింగ్ ఫైల్) పెట్టకు. పెడితే కొత్త వెర్షన్‌లో ఆ ఫైల్ మారినప్పుడల్లా డీపీకేజీ "ఈ ఫైల్ను మీరో ఏదో స్క్రిప్టో మార్చింది, కొత్తది పెట్టాలా పాతది ఉంచాలా" అని వై, ఎన్, డీ, జెడ్ అక్షరాలతోని అడుగుతది. వాడు ఏమీ మార్చలేదు, మార్చింది నీ స్క్రిప్టు. రాత్రిపూట తనంతట తనే నడిచే అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ అట్లాంటి ప్యాకేజీని పక్కకు పెట్టి పోతది, నీ కొత్త వెర్షన్ వాళ్లకు చేరనే చేరది.

రెండోది, పోస్ట్‌ఇన్‌స్ట్‌లో డెబ్‌కాన్ఫ్ తెరిచి ఉండంగనే సర్వీస్‌ను చేత్తోని బ్యాక్‌గ్రౌండ్‌లో లేపడం. ఆ సర్వీస్ డెబ్‌కాన్ఫ్ పైపును పట్టుకొని కూసుంటది, డెబ్‌కాన్ఫ్ అది వదిలేదాక ఎదురుచూస్తది, ఇన్‌స్టాల్ అక్కడనే గడ్డకడుతది. డీబీ-స్టాప్ అని ఒక్క లైను ముందు పెడితే పోతది.

తీసేసుడు దిక్కు వద్దాం. మన దగ్గర సాఫ్ట్‌వేర్‌ను తీసేసేది అది వద్దనుకొని కాదు. ప్రింటు రాకపోతే, తెలుగు అక్షరాలు డబ్బాలుగ పడితే, బరువు సున్నా చూపిస్తే, ఫోన్ల ఎవర్ని అడిగినా చెప్పేది ఒకటే: "తీసేసి మళ్లా ఎక్కియ్యి". మిల్లు ముందర వడ్ల లారీలు లైను కట్టి ఉంటయి, డ్రైవర్లు హారన్ కొడుతుంటరు, ఆ వత్తిడిలో వాడు ఆ పని చేస్తడు. అప్పుడు నువ్వు "నిజంగా తీసేయాలా" అని రెండుసార్లు కాదు, పదిసార్లు అడిగినా వాడు అవుననే కొడతడు. వాడు నిజంగనే తీసేద్దామనుకుంటున్నడు గద. డేటా పోతదని ఆ ప్రశ్నలో ఎక్కడుంది?

కాబట్టి రిమూవ్‌లో ఏమీ అడగకు, డేటా ముట్టకు, సెట్టింగులు ముట్టకు. ప్రోగ్రాం ఫైళ్లు పోతయి, అంతే. మళ్లా ఎక్కిస్తే స్లిప్పులన్నీ ఉన్నయి ఉన్నట్టే కనబడాలె. డీపీకేజీ మైనస్ ఎల్ కొడితే అట్లాంటి ప్యాకేజీ ముందర ఆర్‌సీ అని కనబడతది, తీసేసినం కానీ సెట్టింగులు ఉన్నయని. పర్జ్, అంటే గుర్తు మిగలకుండ తీసెయ్యి అన్నప్పుడు సెట్టింగులు, లాగ్‌లు, డెబ్‌కాన్ఫ్‌లో నీ జవాబులు పోవాలె. స్లిప్పుల డేటా మాత్రం పర్జ్‌లో గూడ అడిగి, అవునంటేనే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నోళ్లు లెక్కలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలె. ఆ లెక్కలల్ల ధర్మకాంట స్లిప్పులు గూడ ఉంటే తుడిచే హక్కు నీ పోస్ట్‌ఆర్ఎంకు లేదు.

ఇక్కడ పెద్ద ప్యాకేజీలు గూడ ఒక తీరుగ లేవు. మరియాడీబీ పర్జ్‌లో డేటాబేస్‌లు తుడవాల్నా అని అడుగుతది, డిఫాల్ట్ "కాదు". పోస్ట్‌గ్రెస్ గూడ అడుగుతది కానీ డిఫాల్ట్ "అవును", అంటే నాన్‌ఇంటరాక్టివ్‌గ పర్జ్ కొడితే ఒక్క మాట లేకుండ డేటా పోతది. నువ్వు మరియాడీబీ దారే పట్టు. దాని ప్రశ్న రాసిన తీరు గూడ బాగుంటది: ఏ ఫోల్డర్ పోబోతుందో చెప్తది, కొత్త వెర్షన్ వేద్దామని తీసేస్తుంటే డేటా ఉంచాలె అని గూడ చెప్తది.

నీకు పనికొచ్చేటట్టు నేనైతే ఇట్ల రాస్త: "తూకం స్లిప్పుల డేటాను కూడా తుడిచేయాలా? ఈ మెషిన్‌లో ఇప్పటివరకు కొట్టిన స్లిప్పులన్నీ ఈ ఫోల్డర్‌లో ఉన్నాయి. తుడిస్తే తిరిగి రావు. సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఎక్కించే ఉద్దేశం ఉన్నా, లెక్కలు ఇంకా ఆడిటర్‌కు ఇవ్వకపోయినా డేటాను ఉంచండి." డెబ్‌కాన్ఫ్‌లో డీబీ-సబ్‌స్ట్‌తోని ఫోల్డర్ పేరు, స్లిప్పుల సంఖ్య, మొదటి తేదీ, ఆఖరి తేదీ ఆ వాక్యాల మధ్యలో దించొచ్చు. ఆఖరి తేదీ నిన్నటిదని కనబడితే ఎవడైనా చెయ్యి ఆపుతడు. నువ్వు ఇప్పుడు రాసిన "డేటాను ఉంచకుండా తొలగించడాన్ని రద్దు చేయాలా" అన్న వాక్యానికి అవునంటే ఏమైతదో నాకే తెలియలేదు. "ఎస్ నొక్కితే" అని గూడ రాయకు. ఒక తెరలో అది బటన్ ఉంటది, ఇంకో తెరలో టిక్కు పెట్టే డబ్బా ఉంటది.

ప్రశ్నలను తెలుగులో ఇయ్యాలన్న నీ ఆలోచన మంచిదే. పీవో-డెబ్‌కాన్ఫ్ పద్ధతిలో తెలుగు అనువాద ఫైల్ వేరేగ ఉంటది. కానీ ఇంగ్లీషు మూలాన్ని గూడ అంతే శ్రద్ధగ రాయి. గ్రాఫిక్స్ లేని నల్ల తెర మీద, అంటే లైనక్స్ కన్సోల్ మీద, తెలుగు ఒత్తులు గుణింతాలు రావు. అందుకే డెబియన్ ఇన్‌స్టాలర్ గూడ తెలుగును గ్రాఫికల్ తెరలోనే ఇస్తది.

పర్జ్ స్క్రిప్టులో రెండు సంగతులు చూసుకో. అప్పటికి డెబ్‌కాన్ఫే మెషిన్ మీద ఉండకపోవచ్చు, దాని కాన్ఫ్‌మాడ్యూల్ ఫైల్ ఉందో లేదో చూసి, లేకపోతే డేటా ఉంచి గమ్మున బయటకు రావాలె. రెండోది ఆ "చూసినం" గుర్తు. ఒకసారి పర్జ్‌లో అడిగిన ప్రశ్నను పాత జవాబుతోని దాటేసే ప్రమాదం ఉంది, కాబట్టి అడిగే ముందు డీబీ-ఎఫ్‌సెట్‌తోని ఆ గుర్తు చెరుపు.

విండోస్ వెర్షన్ గూడ చేస్తనన్నవ్. ఇన్నో సెటప్ వాడితే వెరీసైలెంట్ పద్ధతిలో గూడ పూర్తి కావాలె, అది పరీక్షించు. దాని అన్‌ఇన్‌స్టాలర్ తాను పెట్టిన ఫైళ్లనే తీస్తది, ప్రోగ్రాం తర్వాత పుట్టించిన వాటిని ముట్టది. అన్‌ఇన్‌స్టాల్‌డిలీట్ సెక్షన్‌లో డేటా ఫోల్డర్ రాస్తేనే కొంప మునుగుతది. రాయకు.

పంపే ముందు ఒక వర్చువల్ మెషిన్‌లో మిల్లులల్ల ఉన్న పాత వెర్షనే ఎక్కించి ఉత్తుత్తి స్లిప్పులు కొన్ని కొట్టు. నాన్‌ఇంటరాక్టివ్ పెట్టి కొత్తదానికి అప్‌గ్రేడ్ చెయ్యి, తర్వాత రిమూవ్, మళ్లా ఇన్‌స్టాల్, ఆఖరికి పర్జ్. ప్రతి మెట్టుకు స్లిప్పులు లెక్కపెట్టు. పైయూపార్ట్స్ అనే టూల్ ఈ ఎక్కించుడు, అప్‌గ్రేడ్, పర్జ్ తిప్పలు తనంతట చేసి, ఎక్కడ ఆగిందో, ఏం మిగిలిందో చెప్తది. డెబ్‌కాన్ఫ్ ప్రశ్నలుండే టెంప్లేట్స్ ఫైలు, కొత్త ప్రీఇన్‌స్ట్ రాసినంక ఇక్కడనే పెట్టు, చూసి చెప్త. ప్రీఇన్‌స్ట్ మాత్రం నేనో ఇంకెవరో చూసేదాక ఏ మిల్లుకూ పంపకు.